ఉకులేలే: అనుకరణలో పుట్టిన వాద్యం

1879వ సంవత్సరం ఆగస్టు 23వ తేదీన రావెన్స్‌క్రాగ్ అనే ఓడ పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి దీవులలో హొనొలులు రేవుకు చేరింది. అట్లాంటిక్ సముద్రంలోని మదీరా దీవి నుండి నాలుగు నెలలు ప్రయాణం చేసి వచ్చిన ఆ ఓడలో నాలుగు వందలకు పైగా పోర్చుగీసు జనం ఉన్నారు. మదీరాలో ద్రాక్షతోటలు తెగుళ్ళ వల్ల పాడై బ్రతుకు దుర్భరమైంది. హవాయిలో చెరకుతోటల యజమానులకు కూలీలు కావలసివచ్చారు. ఈ రెండు కారణాలూ కలిసి వారినంత దూరం తీసుకువచ్చాయి. వారిలో మాన్యువల్ న్యూనెస్, అగస్టో డియాస్, జోసె దో ఎస్పిరితు సాంతో అనే ముగ్గురు వడ్రంగులు ఉన్నారు. బల్లలు, బీరువాలు చేయడం వారి వృత్తి. తరువాత ఉకులేలే అనే పేరుతో లోకమంతా తిరిగిన చిన్న తంత్రీవాద్యం ఈ ముగ్గురి చేతులలోనే రూపు దిద్దుకున్నది.

ఉకులేలే చూడడానికి గిటారు పిల్లవలె ఉంటుంది. మొత్తం పొడవు సుమారు 53 సెంటీమీటర్లు. తంతిలో మ్రోగే భాగం 34, 35 సెంటీమీటర్లు మాత్రమే. వీణ పరిభాషలో చెప్పాలంటే దానికీ ఒక దండి, మెట్లు, గుర్రం ఉన్నాయి. కుండకు బదులు నడుము నొక్కినట్లుండే పలుచని కర్ర పెట్టె ఉంటుంది. తంతులు నాలుగే. హవాయి భాషలో ‘ఉకు’ అంటే పేను, ‘లేలే’ అంటే గెంతడం. వాయించేవాని వ్రేళ్ళు తంతులపై గెంతే తీరును బట్టి ఈ పేరు వచ్చిందని చాలామంది అంటారు. ఆ దీవుల చివరి రాణి లిలియుఓకలానీకి ఈ అర్థం నచ్చలేదు. ‘ఇక్కడికి వచ్చిన కానుక’ అని ఆమె అర్థం చెప్పింది. పేను కంటె కానుక మర్యాదగా ఉన్నదనడంలో సందేహం లేదు.

ఆ కానుక మదీరాలో ‘మషేట్’ అనే వాద్యంగా ఉండేది. ఓడ దిగిన కొద్ది రోజులకే మదీరావారు రాత్రిపూట వీధులలో పాటకచ్చేరీలు చేస్తూ జనాన్ని ఆనందింపజేస్తున్నారని హొనొలులు పత్రిక ఒకటి 1879 సెప్టెంబరులో వ్రాసింది. ముగ్గురు వడ్రంగులూ మొదట తోటలకు పోయినా, 1880ల మధ్యకు హొనొలులు చేరి దుకాణాలు తెరిచారు. అక్కడ వారు చేసిన తొలి వాద్యాలు తమ దేశపు మషేట్‌కు అనుకరణలే. కాని అనుకరణ చేస్తూనే వారు రెండు చోట్ల దారి తప్పారు. ఆ తప్పిన చోటనే క్రొత్త వాద్యం పుట్టింది.

మొదటిది కర్ర. మషేట్ పై పలకను స్ప్రూస్ వంటి లేతరంగు మెత్తని కర్రతో చేస్తారు. హొనొలులులో వడ్రంగుల చేతికి దొరికే మేలైన కర్ర కోఆ. ఆ దీవులవారు పడవలు, గిన్నెలు చెక్కినది దానితోనే. వడ్రంగులు ధనికుల ఇండ్లకు సామాను చేసినదీ దానితోనే. కోఆ తుమ్మ జాతి వృక్షం. హవాయిలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. మొక్కగా ఉన్నప్పుడు దానికి తుమ్మకు వలె ఈకల వంటి చిన్న ఆకులుంటాయి. పెరిగిన తరువాత కొడవలి ఆకారపు ఆకులు కనిపిస్తాయి. నిజానికి అవి ఆకులు కావు, చదునుగా విస్తరించిన ఆకుకాడలు. తెలుగుదేశంలో రోడ్ల ప్రక్కన నాటిన ఆస్ట్రేలియా తుమ్మలో ఈ లక్షణాన్ని ఎవరైనా చూడవచ్చును. అది కోఆకు దగ్గర చుట్టం. మెరిసే రేఖలు గల ఆ ఎర్రని కర్రతో పై పలక, అడుగు పలక, ప్రక్కలు అన్నీ చేయడం వల్ల వాద్యానికి రూపంలోను, నాదంలోను క్రొత్తదనం వచ్చింది.

రెండవది శ్రుతి. మషేట్ శ్రుతిని వదలి, మదీరాలోనే ‘రజావ్’ అనే మరొక వాద్యపు శ్రుతిని తీసుకున్నారు. రజావ్‌కు తంతులు అయిదు. అందులో ఒకదానిని విడిచిపెట్టి నాలుగింటిని ఉంచారు. తత్ఫలితంగా నాలుగవ తంతి మంద్రస్థాయిలో ఉండక, మూడవ, రెండవ తంతుల కంటె హెచ్చు శ్రుతిలో ఉంటుంది. ఉకులేలే గలగలకు ముఖ్యకారణం ఇదే. శరీరం ఒక దానిది, శ్రుతి వేరొక దానిది, కర్ర మూడవ దేశానిది. వీటిలో ఏ ఒక్కటీ ఎవరూ క్రొత్తగా సృష్టించినది కాదు.

హవాయి రాజు కలాకౌవా ఈ వాద్యాన్ని ఆదరించాడు. 1886లో జరిగిన ఆయన ఏబదవ జన్మదినోత్సవంలో హులా నాట్యానికి ప్రక్కవాద్యంగా దానికి చోటు దొరికింది. పరదేశపు కూలీల వాద్యం ఆ విధంగా దేశీయ వాద్యమైపోయింది. 1893లో రాజ్యం పోయి, 1898లో దీవులు అమెరికా వశమైన తరువాత కూడ ఉకులేలే హవాయివారి గుర్తుగా నిలిచింది.

సాంతో 1905లోను, డియాస్ 1915లోను చనిపోయారు. 1922 వరకు జీవించిన న్యూనెస్ తన వాద్యాల లోపల అతికించిన చీటీలలో తానే ఉకులేలే నిర్మాతనని, అదీ 1879లోనే అని, ప్రకటించుకున్నాడు. ఓడ దిగిన సంవత్సరమే అది! పోటీ దుకాణాలు పెరిగినప్పుడు వ్యాపారి చెప్పుకున్న మాటగానే దానిని గ్రహించవలసి ఉన్నది. ముగ్గురూ ఒకే ఊరిలో, ఒకే కాలంలో, ఒకరి పని ఒకరు చూస్తూ చేసిన వస్తువు అది.

అసలైన తగవు అమెరికా భూఖండంలో ఆరంభమైంది. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనలో హవాయి మండపంలోని సంగీతం జనాన్ని వెర్రెత్తించింది. హొనొలులు నిర్మాత జోనా కుమలాయీ వాద్యాలకు అక్కడ బంగారు బహుమతి లభించింది. వెంటనే అమెరికా కర్మాగారాలు ఉకులేలేలను వేల సంఖ్యలో తయారుచేసి, వానిని హవాయి వస్తువులుగా అమ్మసాగాయి. చేతిపనిపై బ్రతికే హొనొలులు నిర్మాతలకు ఇది పొట్టకూటి సమస్య. తమ సరుకును వేరుచేసి చూపడానికి వారు ‘తబు — హవాయిలో తయారైనది’ అనే ముద్ర వేయసాగారు. వారి కోపం న్యాయమైనదే. అయితే చిక్కు కూడ ఉన్నది. న్యూనెస్ కుమారుడు లియొనార్డో కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్‌కు వెళ్ళి, తండ్రి నేర్పిన పద్ధతిలోనే వాద్యాలు చేసి, ‘హవాయి ఉకులేలే’ అని చీటీ అతికించాడు. ఊరిని బట్టి చూస్తే అది నకలు, చేతిని బట్టి చూస్తే అసలు. తబు ముద్ర ఊరిని మాత్రమే చూడగలదు.

అనుకరించడం తేలిక అనుకునేవారికి మార్టిన్ కంపెనీ కథ వినదగినది. 1833 నుండి గిటార్లు చేస్తూ పేరుపొందిన ఈ పెన్సిల్వేనియా సంస్థ 1907లో మొదటిసారిగా ఉకులేలేలు చేసింది. ఆకారం సరిగా ఉన్నది, పనితనానికి వంక లేదు. కాని వాద్యం మ్రోగలేదు. గిటారుకు చేసినట్లే స్ప్రూస్ పలక వేసి, లోపల బలమైన బద్దలు అతికించడమే దీనికి కారణం. గిటారులో ఆరు పొడవాటి తీగలు పలకను గట్టిగా లాగుతాయి గనుక బద్దలు కావాలి. ఉకులేలేకు ఉన్నవి నాలుగు పొట్టి తంతులు, ఆ రోజులలో జంతువుల నరపు తంతులు. వాని లాగుడు స్వల్పం. అంత తక్కువ శక్తితో కదలవలసిన పలక ఎంత పలుచగా, తేలికగా ఉంటే అంత మంచిది. మంచి వాద్యంలో దాని మందం రెండు మిల్లీమీటర్లకు మించదు. ఇక్కడ ఒక భౌతిక నియమం పనిచేస్తుంది. పలక మందం రెండింతలైతే బరువు రెండింతలే అవుతుంది. కాని వంగకుండా ఎదిరించే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మందం ఘనాన్ని అనుసరించి అది పెరుగుతుంది. అర మిల్లీమీటరు తేడా కంటికి కనిపించదు. వాద్యం ప్రాణం మాత్రం ఆ అర మిల్లీమీటరులోనే ఉన్నది. 1907లో మార్టిన్‌వారు కంటికి కనిపించినదాన్ని అనుకరించారు; కనిపించనిచోట తమ అలవాటును నిలుపుకున్నారు.

1915-16లో వారు మళ్ళీ ప్రయత్నించారు. ఈసారి మహాగని కర్రను పలుచగా చిత్రిక పట్టి, బద్దలు తగ్గించారు. ఆ వాద్యాలు ఎంత బాగా కుదిరాయంటే, 1920లలో ఉకులేలేల అమ్మకమే ఆ సంస్థకు ఊపిరి పోసింది. కొంతకాలానికి వారు కోఆ కర్రతోను చేయసాగారు. నేడు చేతితో ఉకులేలేలు చేసే అనేకులు కొలతలకు మార్టిన్ నమూనానే ముందు పెట్టుకుంటారు. నకలుగా మొదలైనది ఇతరులకు మూలమైపోయింది.

హొనొలులులో ఇందుకు సరితూగే కథ శామ్యూల్ కమాకాది. న్యూనెస్ వద్ద పని నేర్చి, 1916లో ఇంటి నేలమాళిగలో స్వంత పని ప్రారంభించాడు. కొన్నేళ్ళపాటు గురువు చేసిన నడుము గల ఆకారాన్నే చేశాడు. 1920లలో నడుము తీసివేసి కోడిగ్రుడ్డు వలె ఉండే పెట్టెను చేశాడు. అనాసపండులాగున్నదని మిత్రులన్నారట, పై పలక మీద అనాస బొమ్మ వేయించి అమ్మాడు. 1928లో దానికి డిజైను పేటెంటు లభించింది.

ఇది వట్టి వింత కోసం చేసిన మార్పు కాదు. ఖాళీ సీసా మూతిపై ఊదితే ఒక స్వరం వస్తుంది. సీసా పెద్దదైనకొద్దీ ఆ స్వరం దిగుతుంది. రంధ్రం గల వాద్యపు పెట్టె కూడ అటువంటి సీసాయే. రంధ్రం మారకుండా లోపలి గాలి పెరిగితే, ఆ గాలి స్వంత స్వరం గాలి పరిమాణపు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. నడుము తీసివేయడంతో, పొడవు పెంచకుండానే పెట్టెలో గాలి పెరిగింది. నాదంలో గంభీరత వచ్చింది. చేసేవానికీ ఒక సుఖం ఉన్నది. నడుము గల పెట్టెకు ప్రక్క బద్దను తడిపి, కాచి, ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి వంచాలి. మెలికల కోఆ ఆ మలుపులోనే పగులుతుంది. అనాస ఆకారంలో వంపు ఒకే వైపుకు. ఏ చోట కర్ర మొండికేస్తుందో ఏళ్ళ తరబడి గురువు నమూనాను చేసినవానికే తెలుస్తుంది. పేటెంటు గడువు తీరిన తరువాత అనాస ఆకారం అందరిదీ అయింది. ఈనాడు దానిని అనేక దేశాలలో చేస్తున్నారు.

1949లో మారియో మకాఫెర్రీ అనే ఇటలీ దేశపు గిటారు నిర్మాత అమెరికాలో ప్లాస్టికు ఉకులేలేను అచ్చుపోసి, ఆరు డాలర్ల లోపు ధరకు లక్షల సంఖ్యలో అమ్మాడు. ఒకే అచ్చులోనివి గనుక అన్నీ ఒకే తీరు. చేతి నిర్మాతకు ఇందులో నేర్చుకోదగినది తక్కువ, భయపడదగినది ఎక్కువ.

హొనొలులులో కమాకా కుటుంబం వ్యాపారం ఇంకా సాగుతున్నది. ఇప్పటి చిక్కు కోఆయే. పశువుల మేతకు, వ్యవసాయానికి అడవులు నరికినందున మేలైన కోఆ అరుదై, ధర పెరిగింది. అందువల్ల హవాయి నిర్మాతలు మామిడి కర్రను కూడ వాడుతున్నారు. ఆ చెట్టు పుట్టిల్లు భారతదేశ ప్రాంతమే. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ దీవులకు చేరి పెరటిచెట్టుగా స్థిరపడింది. కోఆకు సరిపోయిన మందం మామిడికి సరిపోతుందన్న నమ్మకం లేదు. ఒక మామిడి దుంగకు సరిపోయినది మరొక దుంగకు సరిపోకపోవచ్చును. నిర్మాత కోసిన పలకను రెండు వ్రేళ్ళతో పట్టుకొని, మూడవ వ్రేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని వింటాడు. కొంచెం చిత్రిక పట్టి మళ్ళీ కొడతాడు.