చినూక్ హెలికాప్టరు స్కేలు నమూనా

చినూక్ హెలికాప్టరు స్కేలు నమూనా అనగా అమెరికాకు చెందిన సి.హెచ్-47 చినూక్ అను సైనిక రవాణా హెలికాప్టరును నిర్ణీత నిష్పత్తిలో కుదించి తయారుచేసే ప్రతిరూపం. ముందు ఒకటి, వెనుక ఒకటి చొప్పున రెండు పెద్ద రోటర్లు ఉండడం ఈ హెలికాప్టరు ప్రత్యేకత. 1961 సెప్టెంబరు 21న తొలిసారి ఎగిరిన చినూక్ నేటికీ ఉత్పత్తిలో ఉన్నది. ఇంతకాలంలో దీని రూపం పలుమార్లు మారినది. అందువలన కచ్చితమైన నమూనా చేయదలచినవారు ఏ రకం, ఏ హెలికాప్టరు, ఏ సంవత్సరం అను మూడు విషయాలను ముందుగా నిర్ణయించుకోవలసి ఉంటుంది.

స్కేలు

1/72 స్కేలులో నమూనాపై ఒక అంగుళం అసలు హెలికాప్టరుపై ఆరు అడుగులకు సమానం. చినూక్ రోటరు వ్యాసం 60 అడుగులు, అనగా సుమారు 18.29 మీటర్లు. వివిధ స్కేళ్ళలో ఈ కొలత ఇలా ఉంటుంది.

* 1/144 - 12.7 సెం.మీ.
* 1/72 - 25.4 సెం.మీ.
* 1/48 - 38.1 సెం.మీ.
* 1/35 - 52.3 సెం.మీ.

1/72 నమూనాలో ఒక మిల్లీమీటరు తప్పు జరిగితే అది అసలు యంత్రంపై 72 మిల్లీమీటర్ల తప్పుతో సమానం. ఇటలీకి చెందిన ఇటలెరి సంస్థ 1/72, 1/48 స్కేళ్ళలోను, చైనాకు చెందిన ట్రంపెటర్ సంస్థ 1/35 స్కేలులోను చినూక్ ప్లాస్టిక్ కిట్లను విడుదల చేసినవి.

రకాల మధ్య భేదాలు

1965లో వియత్నాం యుద్ధానికి పంపబడిన 'ఎ' రకానికి సన్నని లోహపు రోటరు రెక్కలు ఉండేవి. 'బి' రకంలో వెనుక రోటరును మోసే స్తంభపు అంచు మొద్దుగా మార్చబడినది. 'డి' రకంలో వెడల్పైన గాజునార రెక్కలు అమర్చబడినవి. 'ఎఫ్' రకంలో కొన్ని చట్ర భాగాలు పెద్ద ఏకఖండాలుగా తయారగుటచే రివెట్ల సంఖ్య తగ్గినది. కావున 'డి' రకం కిట్టుకు కేవలం రంగు మార్చినంత మాత్రాన అది 'ఎ' రకం కాజాలదు.

రోటర్ల అమరిక

పైనుండి చూచినపుడు ముందు రోటరు అపసవ్య దిశలో, వెనుక రోటరు సవ్య దిశలో తిరుగుతాయి. కనుక రెండింటి రెక్కలు అద్దంలో ప్రతిబింబాల వలె ఉంటాయి. ఒకదాని స్థానంలో మరొకటి అమర్చరాదు. రెండు రోటర్లు తిరిగే వలయాలు ఒకదానిపైకి ఒకటి వస్తాయి. రెక్కలు ఢీకొనకుండా ఒక ఇరుసు వాటిని జతపరచి ఉంచుతుంది. ముందు రోటరు రెక్క ఒకటి సరిగ్గా తోకవైపు చూచునపుడు వెనుక రోటరు రెక్క ఒకటి కూడా తోకవైపే ఉంటుంది. ఇష్టం వచ్చిన కోణంలో అతికించిన నమూనా, అసలు హెలికాప్టరు ఎగరలేని స్థితిని చూపినట్లగును. నేలపై నిలిచి ఉన్నపుడు రెక్కలు తమ బరువుకు క్రిందికి వంగుతాయి. కిట్టులోని తిన్నని రెక్కలను ఆ మేరకు నెమ్మదిగా వంచవలెను.

ఒక ఉదాహరణ

బ్రిటిష్ వాయుసేనకు చెందిన జెడ్.ఎ.718 సంఖ్యగల చినూక్ 'బ్రావో నవంబర్' పేరుతో ప్రసిద్ధి చెందినది. ఫాక్‌లాండ్ యుద్ధంలో 1982 మే 25న అట్లాంటిక్ కన్వేయర్ నౌకపై అర్జెంటీనా క్షిపణి దాడి జరిగి మూడు చినూక్‌లు నాశనమైనవి. అప్పుడు గాలిలో ఉన్న ఈ హెలికాప్టరు మిగిలినది. తరువాత ఇది ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌లలో కూడా పనిచేసి, 2022లో కాస్‌ఫర్డ్‌లోని మ్యూజియానికి చేరినది. ఫాక్‌లాండ్ నాటికి ఇది 'సి' రకంపై ఆధారపడినది; ఆకుపచ్చ, బూడిద రంగులు కలిగి ఉండేది. అనంతరం 'డి' స్థాయికి మార్చబడి పూర్తి ఆకుపచ్చగా మారినది. కాబట్టి ఈ ఒక్క హెలికాప్టరుకే వేర్వేరు సంవత్సరాలకు వేర్వేరు నమూనాలు అవసరం. ఆయా కాలాల ఛాయాచిత్రాలే ఇందుకు ముఖ్య ఆధారాలు.

భారతదేశంలో

భారత వాయుసేన 2019 మార్చి 25న చండీగఢ్‌లో 'ఎఫ్' రకానికి చెందిన తొలి చినూక్‌లను ప్రవేశపెట్టినది. మొత్తం 15 హెలికాప్టర్లు సమకూర్చుకొన్నది. వీటి నమూనాలకు 'డి' రకం కిట్టును వాడునపుడు, భేదాలను గుర్తించి సరిచేసిన పిమ్మటనే భారత వాయుసేన చిహ్నాలను అతికించుట మంచిది.