రహీమీ నౌక

పొలమునకు గట్టు గలదు. గ్రామమునకు పొలిమేర గలదు. నీటిపై వ్రాసిన వ్రాత మాత్రము నిలువదని మన పెద్దల మాట. అయినను పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారు అరబ్బీ సముద్రము తమదేయని ప్రకటించి, అందు తిరుగు ప్రతి వర్తకనౌకయు తమ యనుమతి పత్రమును కొనవలెనని శాసించిరి. ఆ పత్రము పేరు కార్తాజ్.

అందు నౌక పేరు, పరిమాణము, నాయకుని పేరు, ఆయుధముల లెక్క, చేరవలసిన రేవు వ్రాయబడుచుండెను. మిరియములు మోయరాదు. పోర్చుగీసు రేవున నాగి సుంకము చెల్లింపవలెను. పత్రము లేని నౌక చిక్కినచో సరకుతోఁగూడ వారిపాలు. దీనికి వారు రక్షణ మని పేరిడిరి. ఎవరినుండి రక్షణమని శ్రోతలడుగవచ్చును. చాలవఱకు వారినుండియే!

1573 నాటికి గుజరాతును జయించిన అక్బరుకు లెక్కలేనన్ని గుఱ్ఱములు, ఏనుఁగులు నుండెను గాని సముద్రముపై నిలిచి పోరాడు నౌకాదళము లేదు. కావున మక్కాకు యాత్రికులను బంపుటకు ఆ చక్రవర్తియు పోర్చుగీసువారి పత్రమునే స్వీకరింపవలసి వచ్చెను. ఆ పత్రములపై మరియమాత, యేసుల చిత్రములుండుటచే, వానిని పట్టుకొని యాత్ర చేయుట ధర్మమా యని పండితులు తర్కించినట్లు బదాయూనీ వ్రాసెను.

జహంగీరు తల్లికి మరియముజ్జమానీ యని బిరుదు; ఈ యుగపు మరియ యని దాని యర్థము. ఆమె పుట్టినది అంబరు రాజపుత్ర వంశమున. ఎఱ్ఱసముద్రమునకు యాత్రికులను, సరకులను చేరవేయు రహీమీ యను మహానౌక ఆమెది. 1613 సెప్టెంబరులో నది తిరిగి వచ్చుచు సూరతు చేరువకు వచ్చినపుడు పోర్చుగీసువారు పట్టుకొని, సుమారు 700 మంది జనముతో గోవాకుఁ గొనిపోయిరి. నౌకలో కార్తాజ్ ఉన్నది. అందు దోషమేమియు లేదు.

మఱి యేల పట్టిరి? అంతకు ముందటి సంవత్సరము సూరతు సమీపమున సువాలీకడ ఇంగ్లీషు నౌకలను తఱుమఁబోయి పోర్చుగీసువారు విఫలులైరి. అటుపిమ్మట ఇంగ్లీషువారికి సూరతున వర్తకము చేసికొన ననుమతి దొరకెను. ఆ కోపము ఆయుధబలము గల ఇంగ్లీషువారిపై చెల్లలేదు; తీర్థయాత్ర ముగించుకొని యిండ్లకు మరలుచున్న వారిపై చెల్లెను. నా దృష్టిలో నీ యుదంతమున ముఖ్యవిషయ మిదియే. పత్రమిచ్చినవాఁడే దానిని త్రోసిపుచ్చునపుడు, నావికుఁడు దానిని మఱియెవరికిఁ జూపఁగలఁడు?

జహంగీరు ఊరకుండలేదు. పోర్చుగీసువారి వర్తకమును నిలిపించెను. ఆగ్రాలోని జెసూయిటుల దేవాలయమును మూయించెను. దమను ముట్టడికి ముకర్రబు ఖానుని నియోగించెను. ఇవన్నియు నేలమీఁది ప్రతీకారములే. 1615 జనవరిలో గోవా రాజప్రతినిధి అజెవెదో స్వయముగా దండెత్తి వచ్చి, ఇంగ్లీషు నౌకలను సువాలీకడ నెదిర్చి, మరల విఫలుఁడయ్యెను. ఆ యేడే మొగలులకు, పోర్చుగీసువారికి సంధి కుదిరెను. సెప్టెంబరులో ఇంగ్లండు రాయబారి సర్ తామస్ రో సూరతున దిగెను.

సూరతు వర్తకులకు పత్రముల బెడద తీరలేదు. ఇచ్చువారు మాత్రము మాఱిరి. మన మచిలీపట్టణపు నౌకలు సైతము ఆ శతాబ్దమున డచ్చివారి పత్రములను దీసికొని తూర్పుదీవులకు సాగుచుండెను.