తుప్పు పట్టిన తాళం

శ్రమల గురించి వాక్యం చెప్పేవాళ్లు సాధారణంగా యోబుతో మొదలుపెడతారు. నేను ఒక తాళంతో మొదలుపెడతాను.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో రాయవేలూరులో జరిగిన సంగతి. మనవాళ్లు రైలెక్కి వైద్యానికి వెళ్లే ఆ ఆసుపత్రి ఊరే. సామాన్ల గది తలుపు తీయాలి, తాళం తుప్పు పట్టింది. అక్కడి సర్జను డాక్టర్ పాల్ బ్రాండ్ ఎంత బలం పెట్టినా తాళంచెవి కదల్లేదు. పక్కనున్న బక్కపలచటి కుర్రాడు, కుష్ఠు రోగి, దాన్ని అందుకుని ఒక్క మెలితో తిప్పేశాడు. డాక్టరుకు ఎంతో ఆశ్చర్యం. ఇంతలో నేల మీద రక్తపు చుక్కలు కనిపించాయి. పిల్లవాడి వేలు ఎముక దాకా తెగింది. వాడికి ఆ సంగతే తెలియదు.

బ్రాండ్‌ను ఏళ్లుగా వేధిస్తున్న ప్రశ్నకు, కుష్ఠు రోగుల వేళ్లు ఎందుకు పోతున్నాయన్నదానికి, జవాబు ఆ తాళం దగ్గర దొరికింది.

ఆయన పుట్టింది మన దేశంలోనే, తమిళనాడులోని కొల్లి కొండల్లో, 1914లో. తల్లిదండ్రులు మిషనరీలు. చదువు కోసం తొమ్మిదేళ్లకే ఇంగ్లండు పంపారు. 1929లో తండ్రి కొండల మీదే జ్వరంతో చనిపోయాడు. చావు కబురు తంతిలో ముందే చేరింది. తండ్రి బతికుండగా రాసిన ఉత్తరాలు మాత్రం ఓడల మీద నిదానంగా ఒక్కొక్కటీ తర్వాత వచ్చాయి. తల్లి ఈవ్‌లిన్ ఆ కొండల్ని వదల్లేదు. ముసలితనంలోనూ గుర్రమెక్కి, కర్రల ఊతతో ఊరూరూ తిరిగింది. కొడుకు డాక్టరీ చదవకముందు కొన్నేళ్లు ఇళ్లు కట్టే పని, వడ్రంగం నేర్చుకున్నాడు. ఆ చేతిపని తర్వాత ఎంత అక్కరకొచ్చిందో చెప్పనక్కర్లేదు.

రాయవేలూరు వచ్చాక 1947లో ఒకసారి చెంగల్పట్టులోని కుష్ఠు ఆశ్రమానికి వెళ్లాడు. నడిపేది చర్మవ్యాధుల నిపుణుడు రాబర్ట్ కాక్రేన్. దారిలో బ్రాండ్ ఒక రోగిని చేయి చూపించమని అడిగి, ఆ గద్దగోళ్లలా ముడుచుకుపోయిన వేళ్ల మధ్య తన చేయి పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాడు. డాక్టరుకు కేక వచ్చినంత పనయింది. అంత పట్టు! అంటే చేయి చచ్చిపోలేదు. చేతిలోని చిన్న కండరాలు కొన్ని పడిపోయాయి గాని, ముంజేతి కండరాలు దిట్టంగా ఉన్నాయి. ఈ చేతులకు ఎముకల సర్జన్లు ఎవరైనా ఏమైనా చేశారా అని కాక్రేన్‌ను అడిగాడు. ఎవరూ చేయలేదు.

అప్పట్లో అందరూ నమ్మిందేమిటంటే, కుష్ఠు మాంసాన్ని తినేస్తుంది, వేళ్లు వాటంతట అవే రాలిపోతాయి. డాక్టర్లదీ అదే నమ్మకం. కుళ్లే మాంసం మీద కత్తి పెడితే మానదు కదా! బ్రాండ్ మాత్రం 1948లో పెట్టాడు. బాగున్న కండరం తాలూకు స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిదాన్ని, దారి మళ్లించి పడిపోయిన వేళ్లకు కుట్టాడు. గాయం మామూలుగానే మానింది. మాంసంలో లోపం లేదన్నమాట.

అయితే విప్పుకున్న చేతులతో ఊరికి వెళ్లిన వాళ్లలో ఒకతను తిరిగొచ్చి మొరపెట్టుకున్నాడట. పని ఎవరూ ఇవ్వడం లేదు, ఈ చేతులు అడుక్కోవడానికి కూడా పనికిరావడం లేదని. నవ్వొస్తుంది, వెంటనే నవ్వు ఆగిపోతుంది. అలాంటి వాళ్ల కోసమే నవజీవన కేంద్రమనే చిన్న పల్లె లాంటిది వెలిసింది. అక్కడ వడ్రంగం నేర్పారు.

మరి వేళ్లు ఎలా పోతున్నాయి? తాళం సంఘటన తర్వాత బ్రాండ్ పోలీసు దర్యాప్తులా ప్రతి గాయానికీ కారణం వెతికించాడు. కాలే గిన్నె పట్టుకున్నారు. బీడీ వేళ్ల దాకా కాలింది. సుత్తి పిడి రాసుకుని చర్మం లేచిపోయింది. పుండు మీదే మైళ్లు నడిచారు. రాత్రికి రాత్రి వేలు ముక్క మాయమైన వాళ్ల గుట్టు మాత్రం చాలాకాలం తేలలేదు. కాపలా కాసి చూస్తే ఎలుకలు. నిద్రలో కొరుకుతున్నా మెలకువ రాలేదు. అప్పటి నుంచి ఇంటికి వెళ్లే రోగికి మందులతో పాటు పిల్లినీ ఇచ్చి పంపారు. వైద్య చరిత్రలో ఇంత చవకైన చికిత్స ఇంకొకటి ఉందో లేదో!

కుష్ఠు సూక్ష్మజీవి చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండేచోట నరాలను చంపుతుంది. నొప్పి పోతుంది. మిగతా నాశనమంతా నొప్పి లేకపోవడం వల్ల జరిగేదే. కాళ్ల కోసం మెత్తటి రబ్బరు అట్టలతో చెప్పులు చేయించారు. ఈరోజు షుగరుతో పాదాలు తిమ్మిరెక్కిన వాళ్లకు డాక్టర్లు రాసిచ్చే ఎంసీఆర్ చెప్పులు అవే. 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక ఆ పాఠాలను ఆయన షుగరు రోగుల పాదాలకూ వాడాడు.

డాక్టరుగా తెలుసుకున్నది విశ్వాసిగా ఒంటబట్టడానికి ఒక రాత్రి పట్టింది. అమెరికా నుంచి ఓడలో తిరిగొస్తూ, జ్వరంతో రైలులో కూర్చుని లండన్ చేరాడు. మేజోడు విప్పితే మడమలో స్పర్శ లేదు. గుండుసూది గుచ్చాడు. ఏమీ తెలియలేదు. తనకూ అంటుకుందన్నమాట. తెల్లవార్లూ భార్యాబిడ్డలకు దూరంగా బతకాల్సిన రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఉదయం లేచి మళ్లీ గుచ్చాడు. అరిచాడు! రైలులో నరం నొక్కుకుని తిమ్మిరెక్కిందంతే. అప్పటి నుంచి ఎక్కడ దెబ్బ తగిలినా, నొప్పి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకునేవాడు.

ఈ కథను అడ్డం పెట్టుకుని, మంచం మీద మూలుగుతున్న మనిషికి “నొప్పి దేవుడి వరం” అని చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. బ్రాండ్ ఆ స్తోత్రం తన దెబ్బలకు చెప్పుకున్నాడు. రోగుల బాధను తీర్చడానికే జీవితమంతా పనిచేశాడు. కుష్ఠు దేవుడి శాపమన్న మాటను వేళ్లు ఎలా పోతాయో చూపించి పడగొట్టిన వాడాయన.

కార్విల్‌లో ఇంకో ప్రయత్నం చేశాడు. రోగుల చేతి తొడుగుల్లో యంత్రాలు అమర్చి, ఒత్తిడి ఎక్కువైతే చెవిలో మోగేలా చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. చంకలో చిన్న కరెంటు షాకు తగిలేలా మార్చాడు. పని మధ్యలో షాకు తగిలితే రోగులు మీట కట్టేసి, పని అయ్యాక మళ్లీ వేసుకున్నారు. చివరికి ఆ పథకం వదిలేశాడు. నొప్పి మీట మనిషి చేతికి అందని చోట ఎందుకుందో అప్పుడు తెలిసిందంటాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి రాయవేలూరు రోజులది. రోగుల ప్రార్థన కూటానికి ఆలస్యంగా వచ్చి చాప చివర కూర్చున్నాడు. వాక్యం చెప్పమన్నారు. సిద్ధపడి రాలేదు. ఎదురుగా చేతులు, చాలావరకు కొంగుల కింద, చొక్కాల్లో దాచుకున్నవి. చేతుల గురించే మొదలుపెట్టాడు. వడ్రంగి పని చేసి కాయలు కాచిన యేసు చేతులు. కుష్ఠు రోగుల్ని తాకిన చేతులు. ఆ తర్వాత మేకు దిగిన చేతులు. సర్జను కదా, మేకు దిగితే నరం తెగుతుంది, వేళ్లు ముడుచుకుపోతాయి, మీ చేతుల్లాగే అన్నాడు. తిరిగి లేచినప్పుడు కూడా ఆ మచ్చల్ని దాచుకోలేదని, తోమాను తాకి చూడమన్నాడని చెప్పాడు.

కూటం ముగిసింది. రోగులు లేచి నమస్కారం పెట్టారు. అన్నాళ్లూ దాచుకున్న చేతులు, వేళ్లు లేనివీ ముడుచుకున్నవీ, పైకి లేచాయి.