బునియాద్‌లో సీలన్

అరకులో పాత మకాన్ కొంటే సీలన్ బాధ ఉంటుందా అని విజయనగరం, విశాఖ వైపు మనవాళ్లు అడుగుతుంటారు. జవాబు చెప్పాలంటే కాస్త తారీఖ్ తిరగేయాలి.

ముందు లఫ్జ్ సంగతి. ఉర్దూలో బేస్‌మెంట్ అంటే తహ్‌ఖానా. మొఘలులు ఆగ్రా, లాహోర్ ఖిలాల్లో ఎండాకాలం గర్మీ తప్పించుకోవడానికి నేల కింద గదులు కట్టుకున్నారు. మన మేస్త్రీల నోట మాత్రం బేస్‌మెంట్ అంటే నేల మీదికి లేపే దిమ్మె. ఇందిరమ్మ ఇళ్ల బిల్లుల్లో 'బేస్‌మెంట్ లెవెల్' అన్నదీ అదే. అన్నట్టు, తెలుగువాళ్ల పునాది కూడా ఫారసీ బునియాదే!

అరకు తహ్‌ఖానాకు తగిన చోటు కాదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు, ఆ తర్వాత మంచు. అక్కడి ఆదివాసీల పాత ఇళ్లు చూడండి. ఎత్తయిన అరుగు, మట్టి గోడ, అరుగు మీదికి బాగా వంగిన చూరు. వాన గోడను తాకదు. కింది నుంచి ఎక్కిన చెమ్మ మట్టిలోంచి ఆరిపోతుంది. పండగకి మళ్లీ అలుకుతారు. ఏ ఇంజనీరూ చెప్పని అక్ల్ అది.

1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి కొత్తవలస–కిరండూల్ రైలు దారి వేశారు. దాని వెంట ఉద్యోగులూ వ్యాపారులూ సిమెంటూ కొండెక్కారు. కొండవాలును నిలువుగా కోసి ఇల్లు కడితే వెనక గోడ మట్టికి ఆనుకుంటుంది. పేరుకి నేల మీది గదే, తీరు మాత్రం తహ్‌ఖానాది. కొండలోంచి దిగే నీరు ఆ గోడలోకే వస్తుంది. లోపల సిమెంటు పూస్తే చెమ్మ బయటపడే దారి లేక ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు తేలి పెచ్చులూడతాయి. కొత్త రంగు చూసి మోసపోకండి. ఆగస్టులో వెళ్లి వెనక గోడ అడుగు భాగం తడిమి చూడండి. దీనికి ఇలాజ్ గోడ వెనక కాలువ తీయడమే.

సరే, గోడ పొడిగానే ఉంది. మీరు కొనగలరా? అసలు సవాల్ ఇదీ. సాహుకార్ల బాకీల కింద కొండవాళ్ల భూములు పోతుంటే, 1917లో ఇంగ్లీషు సర్కారే కానూన్ తెచ్చింది: ఏజెన్సీలో ఆదివాసీ భూమి బయటివాళ్లకు పోవాలంటే ఏజెంటు దొరగారి ఇజాజత్ కావాలి. 1959 రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ తలుపు పూర్తిగా మూశాయి. అందరూ '1/70' అనేది దీన్నే. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనులకో, వాళ్ల సహకార సంఘానికో మాత్రమే అమ్మాలి. పైగా గిరిజనేతరుడి చేతిలోని ఆస్తి గిరిజనుడి నుంచే వచ్చిందని కానూన్ ముందే అనుకుంటుంది. కాదని సబూత్ చూపాల్సింది అతనే. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన సమతా కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన ఫైసలా ఇంకా ముందుకెళ్లింది: ఏజెన్సీలో సర్కారు భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదంది.

నా మటుకు నాకు ఇది ఇన్సాఫ్ అనిపిస్తుంది. దలాల్లు మాత్రం "గిరిజనుడి పేరు మీద బేనామీగా రాయిద్దాం, ముందు బయానా ఇవ్వండి" అంటారు. ఈ కానూన్ లెక్కలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. హిబా, తాకట్టు, కౌలు, మార్పిడి, ఆఖరికి ఆ ఆస్తి మీద రాసుకున్న ఒప్పందం కూడా బదిలీయే. అంటే ఆ బయానా చిఠ్ఠీ కూడా.