సంగటి ముద్ద పట్టే చెయ్యి

మా చిత్తూరు వాళ్ళకి వేలూరు పరాయి రాష్ట్రమని అనిపించదు. రాయవేలూరు అంటాం. ఎముక విరిగితే పుత్తూరు కట్టు, అంతకు మించిందేదైనా వస్తే రాయవేలూరు బస్సు. 1974లో నేనూ ఆ బస్సెక్కే ఫిజియోథెరపీ నేర్చుకోను పోయాను. ఆ మాట నోరు తిరక్క మా నాయన ఊళ్ళో అందరికీ "మా పాప కసరత్తు డాక్టరు చదువుతా ఉంది" అని చెప్పేవాడు. ఆలోచిస్తే అంతకంటే మంచి పేరు నాకూ దొరకలేదు.

నా చేతికి మొదట అప్పగించిన మనిషి పలమనేరు వైపు రైతు. కుష్టు మందులతో నయమై మూడేళ్ళయింది. ఒంటి మీద మచ్చల్లేవు, పరీక్షలో క్రిముల్లేవు. కుడి చేతి వేళ్ళు మాత్రం కొంకర్లు పోయి ఉన్నాయి. పెద్ద డాక్టరు ఆపరేషన్ గురించి అరగంట చెప్పాడు. ఆయన అంతా ఓపిగ్గా విని, డాక్టరు వెళ్ళాక నా వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు: "పాపా, సంగటి ముద్ద నేనే చేసుకుని తినేదానికి అవుతుందా?"

అవుతుందన్నాను. ఇరవై ఏళ్ళ పిల్లని, అంత ధైర్యంగా చెప్పగలిగానంటే దాని వెనక అప్పటికే పాతికేళ్ళ కథ ఉంది. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు, ఇక్కడే పుట్టి ఆ జబ్బు పడ్డవాళ్ళు కలిసి నడిపిన కథ అది.

మన దేశంలో కుష్టు వైద్యానికి పరదేశీయులు రావడం కొత్తేమీ కాదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ 1915లో ఆస్పత్రి మొదలుపెట్టింది. ఆనాటి మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కించేవాళ్ళు. నొప్పి ఎక్కువ, గుణం తక్కువ. 1940ల చివర్లో డాప్సోన్ మాత్రలు వచ్చి కథ మారింది. రోగం చావడం మొదలైంది. అప్పుడు కొత్త చిక్కొకటి బయటపడింది: రోగం పోయినా చెయ్యి తిరిగి రాలేదు. నయమైనవాణ్ణి ఊరు రానివ్వలేదు, ఎందుకంటే ఊరు చూసేది క్రిముల్ని కాదు, వేళ్ళని.

1947లో చెంగల్పట్టు కుష్టు ఆస్పత్రికి రాబర్ట్ కాక్రేన్ అనే చర్మవైద్యుడు పెద్ద. ఆయన వేలూరు నుంచి పాల్ బ్రాండ్ అనే ఎముకల డాక్టరుని పిలిపించి రోగుల్ని చూపించాడు. బ్రాండ్ ఇంగ్లండ్‌లో చదివినా పుట్టింది 1914లో మన పక్కనే, తమిళనాడు కొల్లిమలైలో, మిషనరీల ఇంట్లో. వేలూరుకి వచ్చి అప్పటికి ఏడాదే. ఆ రోజు ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి గట్టిగా పట్టుకోమన్నాడట. వంకర పోయిన చెయ్యి కదా, ఏం బలముంటుందిలే అనుకున్నాడు. ఆ పట్టుకి గోళ్ళు దిగబడి నొప్పితో చెయ్యి లాక్కోవాల్సి వచ్చింది.

ఆ నొప్పిలోనే మొత్తం విద్య ఉంది. కుష్టు మోచేతి దగ్గర నరాన్ని కొడుతుంది. దాంతో అరచేతిలోని చిన్న కండరాలు చచ్చిపోతాయి. ముంజేతిలోని పెద్ద కండరాల్లో చాలావరకు బతికే ఉంటాయి. అరచేతి కండరాల పని ఏమిటంటే వేళ్ళని మొదట్లో వంచి, కొసలదాకా చాపి ఉంచడం. తెలుగువాళ్ళకి ఇది బొమ్మ గీసి చెప్పాల్సిన పని లేదు. అన్నం ముద్ద పట్టినప్పుడు వేళ్ళు నిలిచే తీరే అది. ఆ కండరాలు పోతే వేళ్ళు మొదట్లో వెనక్కి విరుచుకుని, కొసల్లో ముడుచుకుంటాయి. ముద్ద సందుల్లోంచి జారిపోతుంది. అయితే ముంజేతిలో బలం మిగిలే ఉంది కదా! ఒక్కో వేలికి వంచే స్నాయువులు రెండేసి ఉంటాయి. ఉంగరపు వేలిలో ఒకదాన్ని తీసి, చీల్చి, కొత్త దారిలో నడిపి వేళ్ళ పక్కల కుడితే, చచ్చిన కండరం పని అది చేస్తుంది. పోలియో వచ్చిన చేతులకీ గాయపడ్డ చేతులకీ అప్పటికే ఇలాంటి ఆపరేషన్లు చేసేవాళ్ళు. కుష్టు చేతుల్ని తాకే సర్జన్లే లేరు. కుళ్ళిపోయే మాంసం, కుట్టినా అతకదు అని అందరి నమ్మకం. బ్రాండ్ కుట్టాడు, అతికింది.

ఇక్కడిదాకా పుస్తకాలు చెబుతాయి. నాకు చెప్పాలని ఉన్నది దీని తర్వాతి సంగతి.

ఆపరేషన్ రెండు గంటల పని. దానికి ముందు కొన్ని వారాలు, తర్వాత కొన్ని వారాలు కసరత్తు. ఏళ్ళ తరబడి ముడుచుకున్న కీళ్ళు ముందు చాపుకోవాలి. గోరువెచ్చని మైనంలో ముంచి, నూనె రాసి, నెమ్మదిగా సాగదీసి, వేలికి సన్నటి పిండికట్టు వేస్తాం. కొన్నాళ్ళకి విప్పి, సాగినంత మేరకు మళ్ళీ కడతాం. అలా మొండి వేలు వెంట్రుకవాసి చొప్పున దారికొస్తుంది. ఆపరేషనయ్యాక మూడు వారాలు కట్టులో ఉంచి విప్పితే రోగి తన చెయ్యి చూసుకుని బిత్తరపోతాడు. చెయ్యి చాపినట్టు ఉంటుంది, కానీ కదలదు. స్నాయువుకి కొత్త ఇల్లు దొరికింది గాని, మెదడుకి ఆ చిరునామా తెలీదు. అప్పుడు మేం అంటాం: "పాతలాగా ఉంగరపు వేలు వంచబోండి." ఆయన ఆ వేలు వంచాలనుకుంటాడు, నాలుగు వేళ్ళూ మొదట్లో కలిసి వంగుతాయి. ముద్ద పట్టే తీరు! ఆ క్షణం చూడ్డానికే నేను ఉద్యోగంలో అన్నేళ్ళున్నాను.

ఈ పనికి వేలూరులో పద్ధతి ఏర్పరచినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది రూత్ థామస్ అనే ఇంగ్లండు ఫిజియోథెరపిస్టు పేరు. ఆమె చైనాలో పనిచేస్తూ, అక్కడ ప్రభుత్వం మారాక బయటపడి, ఇంటికి పోవాల్సింది వేలూరుకి వచ్చింది. బ్రాండ్ మీద పుస్తకాలొచ్చాయి, బిరుదులొచ్చాయి. ఆమె పేరు ఎక్కడో ఓ పేరాలో ఉంటుంది. నేను చేరేనాటికి ఆమె లేదు. నాకు పిండికట్టు వేయడం నేర్పించింది ఒక టెక్నీషియన్ అన్న. ఆయన చేతులు రెండూ ఆపరేషనైనవే. నేను కట్టు బిగించినప్పుడల్లా "నొప్పి తెలీనివాడి చెయ్యమ్మా అది. నువ్వు తప్పు చేస్తే వాడు చెప్పడు" అనేవాడు. విద్య ఆమెది కావచ్చు, ఆ మాట మాత్రం జబ్బు పడ్డవాడు మాత్రమే అనగలడు.

మొదట్లో ఇంకో ఎదురుదెబ్బ తగిలింది. చేతులు బాగైన రోగులు కొందరు తిరిగొచ్చి మొరపెట్టుకున్నారు: ఈ చేతులకి ఎవరూ బిచ్చం వేయడం లేదు, కుష్టువాళ్ళమని పనీ ఇవ్వడం లేదు అని. వంకర వేళ్ళే వాళ్ళకి అన్నం పెట్టిన పనిముట్టు. దాన్ని మనం లాక్కున్నాం. అందుకే వేలూరు వైద్య కళాశాల ఆవరణలో మట్టి గుడిసెలతో నవజీవన కేంద్రం లేచింది. అందులో వడ్రంగం, బొమ్మలు చేయడం నేర్పేవాళ్ళు. నేర్పే కొద్దీ గాయాలు, బొబ్బలు. ఎందుకు?

ఒకసారి తుప్పు పట్టిన తాళం బ్రాండ్‌కి తిరగకపోతే ఒక కుర్రాడు తీసుకుని టక్కున తిప్పాడు. ఆయన మెచ్చుకోబోతే నేల మీద రక్తం పడింది. తాళంచెవి వేలిని ఎముకదాకా కోసేసింది, ఆ పిల్లాడికి తెలియనే లేదు. మనకైతే నొప్పి మధ్యలోనే ఆపుతుంది. రాత్రికి రాత్రి వేలి కొసలు మాయమైపోతుంటే కాపలా కాశారు. ఎలుకలు కొరుకుతున్నాయి, పడుకున్నవాడు కదలడం లేదు. అప్పట్నుంచి గుడిసెల్లో పిల్లుల్ని పెంచారు. అలా తేలింది అసలు సంగతి: కుష్టు వేళ్ళని తినదు. స్పర్శని తింటుంది, మిగతాది పొయ్యి, తాళం, ఎలుక, చెప్పులో రాయి తింటాయి.

దాంతో కసరత్తు డాక్టర్ల పని రెండింతలైంది. ఉలికీ సుత్తికీ లావుపాటి పిడులు వేయించడం, సాయంత్రం దీపం దగ్గర చేతులూ కాళ్ళూ తిప్పి తిప్పి చూసుకోమనడం, ఎండిన చర్మాన్ని నీళ్ళలో నానబెట్టి నూనె రాయించడం. 1955లో వేలూరు దగ్గర కరిగిరిలో పరిశోధన ఆస్పత్రి మొదలయ్యాక చెప్పులు కుట్టేవాళ్ళూ ఈ విద్యలో గురువులయ్యారు. మెత్తటి రబ్బరు అట్ట వేసిన ఒక జత చెప్పులు ఆపగల పుండుని ఏ సర్జనూ ఆపలేడు.

ఆ రోజుల్లోనే మరో దారిలోనూ విద్య వచ్చింది. ఎలిజబెత్ లండీ అనే అమెరికన్ అమ్మాయి నింబ్‌కర్ ఇంటి కోడలై కమలగా మారి, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ బడి పెట్టింది. వేలూరులో పనిచేస్తున్న మేరీ వర్గీస్ అనే యువ డాక్టరుకి 1954 జనవరిలో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్టు చేతులకి ఆపరేషన్లు చేసింది. ఆస్ట్రేలియాలో తానే రోగిగా శిక్షణ పొంది, న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ అనే పునరావాస వైద్యుడి దగ్గర చదివి, తిరిగొచ్చి 1966లో వేలూరు బాగాయంలో పునరావాస కేంద్రం తెరిపించింది. 1972లో పద్మశ్రీ అందుకుంది. నేర్పను వచ్చేవాళ్ళు ఒక దిక్కు, నేర్చుకోను పోయి వచ్చేవాళ్ళు ఒక దిక్కు.

ఇక పలమనేరు ఆయన. ఆరు వారాల కసరత్తయ్యాక ఒక మధ్యాహ్నం వార్డులో సంగటి తెప్పించాను. చల్లారిన సంగటి. ఆయన ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంత నొక్కి, పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు ఆయనకే కాదు, నాకూ వచ్చాయి. ఇంటికి పంపించాం.

ఇరవై రోజులకి తిరిగొచ్చాడు. మూడు వేళ్ళ కొసలకీ బొబ్బలు చితికి పుండ్లు. ఇంట్లో సంగటి చల్లార్చి ఎవరు పెడతారు? పొయ్యి మీంచి దించగానే పొగలు కక్కే ముద్దలో చెయ్యి పెట్టాడు. ఎన్నేళ్ళకో సొంత చేత్తో తింటున్న సంతోషం, కాలుతున్నట్టు చెప్పే నరం లేదు. తప్పు ఆయనది కాదు. పట్టడం నేర్పించాను, పట్టే ముందు చూడడం నేర్పించలేదు. మా టెక్నీషియన్ అన్న నన్నేమీ అనలేదు. రైతు ముందు కూర్చుని, తన మోచేతిని మడిచి కంచం అంచుకి ఆనించి చూపించాడు: "వేళ్ళకి తెలీదు పెద్దాయనా, దీనికి తెలుసు. దీన్ని అడిగి, తర్వాత చెయ్యి పెట్టు." స్పర్శ మిగిలిన చోటుతో ముందు వేడి చూడడం. నేను పుస్తకంలో చదివే ఉన్నాను. కంచం దగ్గర అది ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

బ్రాండ్ 1966లో అమెరికా వెళ్ళి, లూసియానాలోని కార్విల్ కుష్టు ఆస్పత్రిలో చేరాడు. అక్కడ రోగులు తక్కువ, షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళు దేశమంతా లక్షల్లో ఉన్నారు. చెంగల్పట్టు, కరిగిరి రోగుల పాదాల మీద నేర్చుకున్నదంతా, అంటే పిండికట్టు, మెత్తటి చెప్పు, రోజూ పాదం చూసుకోవడం, ఆ షుగరు రోగులకి పనికొచ్చింది. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో పాదంలో స్పర్శని కొలిచే పద్ధతి స్థిరపడిందీ ఆ కార్విల్‌లోనే. మనకి సాయం చేయను వచ్చినవాళ్ళు మన దగ్గర నేర్చుకున్నది పట్టుకుని పోయారని దీనర్థం. ఆ అప్పు లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

పోయిన ఏడాది చిత్తూరులో షుగరు డాక్టరు దగ్గరికి పోయాను. తెల్ల కోటు వేసుకున్న చిన్నపిల్ల నన్ను పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, నైలాన్ పోగుతో అరికాలి మీద ఒక్కో చోట తాకుతూ "తగిలిందా అమ్మా?" అని అడిగింది. తగిలింది, తగిలింది అంటూ వచ్చాను. తర్వాత చాలాసేపు ఆ పిల్ల ఏమీ అడగలేదు. కళ్ళు తెరిచి చూస్తే పోగు ఎడమ బొటనవేలి కింద వంగి ఉంది.

"ఇక్కడ కొంచెం తగ్గిందమ్మా," అంది మెల్లగా. "రోజూ పాదాలు చూసుకోండి. నీళ్ళు పోసుకునే ముందు కాలితో కాదు, మోచేత్తో చూసుకోండి."

"ఎవరు నేర్పించారు పాపా?"

"మా మేడం."

ఆ మేడం ఎవరో అడగబోయి ఊరుకున్నాను. ఇంటికొచ్చి, రాత్రి బకెట్ ముందు మోచెయ్యి మడిచాను.