అతిమానుష వీరుడు : పుటనుండి తెరకు

అచ్చులోని అద్భుత కథలను తెరకెక్కించినప్పుడు కొన్ని చిత్రములు జనహృదయమున నిలుచుచున్నవి. కొన్ని వచ్చిన త్రోవనే మరుగుపడుచున్నవి. ధనబలమో, యంత్రకౌశలమో దీనికి కారణమని సామాన్యముగ చెప్పుదురు. మా అభిప్రాయమున కారణము వేరు. వీరుని శక్తికి గల మేరను గుర్తించుటలోనే జయాపజయములు ఇమిడియున్నవి.

ముందుగా ఈ ప్రక్రియ పుట్టినచోటు చూతము. అమెరికాలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇరువురు యువకులు సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938 జూన్ నాటి ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో అవతరించెను. 1978 లో రిచర్డ్ డానర్ తీసిన చిత్రమున ఈ వీరుడు ఆకాశమున కెగురుటకు ముందే పెంపుడు తండ్రిని పోగొట్టుకొనును. ఇంత శక్తి యుండియు ఆ ప్రాణమును నిలుపలేకపోతినని కుమిలిపోవును. ప్రేక్షకుడు అతనిని తనవానిగా స్వీకరించుట కీ ఘట్టమే మూలమని మేము తలంతుము. 1997 నాటి ‘బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’ చిత్రమున వేషములు, వాహనములు మిక్కుటమై మనిషి కనుమరుగయ్యెను. విమర్శకులు దానిని నిరసించిరి. 2005 లో క్రిస్టఫర్ నోలన్ తల్లిదండ్రులను కోల్పోయిన బాలుని భయమునుండి కథ నెత్తుకొని ఆ వీరునికి మరల ప్రాణము పోసెను.

మన భాషలో ఇట్టి బొమ్మల కథలు స్వల్పము. ఆ స్థానమును మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’, 1947 జులైలో ఆరంభమైన ‘చందమామ’ పత్రిక ఆక్రమించినవి. ఆ పత్రికను స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణులే 1951 లో కె. వి. రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనతో ‘పాతాళభైరవి’ని నిర్మించిరి. దానికి ప్రేరణ కాశీమజిలీ కథలలోనిదే. ఇందు నాయకుడు తోటరాముడు తోటమాలి కొడుకు. అతని కడ ధైర్యము తప్ప వేరొండు లేదు. అద్భుతశక్తి భైరవి ప్రతిమది; అది ఎవరిచేత నున్న వారి యానతి చేయును. ప్రతిమ మాంత్రికుని పాలైనప్పుడు రాముడు సమస్తమును పోగొట్టుకొని, మరల ఉపాయముచేత గెలుచును. శక్తి చేజారునన్న భయమే కథకు బిగువు. దర్శకుడు తాడిపత్రివాడు, నాగిరెడ్డి కడప జిల్లావాడు; ఈ విజయమున రాయలసీమకు గల పాలు గమనింపదగినది.

1980 లో వి. మధుసూదనరావు దర్శకత్వమున ఎన్. టి. రామారావు నటించిన ‘సూపర్‌మ్యాన్’ వచ్చినది. వేషము అమెరికాది, వరము ఆంజనేయునిది. ఈ రెంటి నడుమ అతుకు స్పష్టముగ కనబడును. అయినను ఆ వరమును వెదకిన దిక్కు సరియైనదే. గూడూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో తిరిగినవారికి ఆంజనేయుని గుడులు అడుగడుగున కనబడును. మంత్రాలయమున కావలి ఒడ్డున పంచముఖి ఆంజనేయ క్షేత్రము కలదు. ఇచ్చటి జనులకు ఆకాశమున ఎగురు వీరుడు క్రొత్తవాడు కాడు. జాంబవంతుడు గుర్తు చేయువరకు తన బలము తానెరుగని హనుమంతుని కథ వారు బాల్యముననే విన్నారు. మేము చెప్పిన మేర అందే యున్నది.

2024 జనవరిలో వెలువడిన ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ ఈ సూత్రమును గ్రహించినది. పల్లెటూరి అల్లరి యువకునికి మణివలన బలము కలుగును. సూర్యకాంతి లేనిదే ఆ మణి పనిచేయదు. ఇంతకంటె విశేషము ప్రతినాయకుని పాత్ర. విదేశీ వీరుల కథల మత్తులో, వీరులందరు అనాథలేయని భ్రమించి, అతడు బాల్యముననే తల్లిదండ్రులను బలిగొనును. కవచము కుట్టించుకొనును గాని వీరుడు కాజాలడు. అనుకరణపై ఇంత నిశితమైన విమర్శను కథలోనే ఇమిడ్చిన తెలుగు చిత్రమును మేము వేరొకటి ఎరుగము.

కావున యంత్రకౌశలము ఎంత పెరిగినను వీరునికి లోటు కల్పింపని కథ నిలువజాలదు. ఆ లోటును కల్పించు నేర్పు మన పాత కథలలోనే నిక్షిప్తమై యున్నది. నేడు తెర జ్ఞాపకమున్నది, పుట మరచిపోబడుచున్నది. పాతాళభైరవిని చూచినవారిలో కాశీమజిలీలను చదివినవా రెందరు? మూలకథలను, చిత్రకథలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించు పనికి పరిశోధక విద్యార్థులు పూనుకొనవలెను. లేనిచో మనకు మిగులునది కవచమే.