కొన్న నెత్తురు

రక్తం అంగడి సరుకుగా ఉండిన కాలం మరీ దూరపుది కాదు. 1942లో, యుద్ధం నడుమ, కలకత్తాలో రెడ్‌క్రాస్ నిర్వహణలో దేశపు తొలి రక్తనిధి వెలసింది. ఆ తరువాత అర్ధశతాబ్దం దాటినా, పూట గడవనివాడు నెత్తురు అమ్ముకోవడాన్ని ఎవరూ నిషేధించలేదు. డబ్బు కోసం ఇచ్చేవాడు తన జబ్బు దాచుకుంటాడు. కామెర్లు, హెచ్‌ఐవి ఆ సీసా వెంటే వస్తాయి. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో 1996 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం ఈ అమ్మకాన్ని రెండేళ్లలో మాన్పించమన్నది. 1998 జనవరి 1 నుండి నిషేధం అమలయింది.

అమ్మేవాడు పోయిన చోటికి ఇచ్చేవాడు రావాలి కదా! ఆ ఏడాదే అక్టోబరు 2న హైదరాబాదులో చిరంజీవి రక్తనిధి మొదలయింది. అభిమాన సంఘాలను ఎగతాళి చేయడం మన సాహితీపరులకు అలవాటే గాని, ఆ కుర్రాళ్లు ఇచ్చిన నెత్తురుకు వంక పెట్టలేము.

నా దృష్టిలో అంతకన్నా గట్టి పరీక్ష శంషాబాదు దారిలో ఉంది. విమానాశ్రయం వైపు నుండి నగరానికి వస్తుంటే ఆరాంఘర్ సమీపాన శివరాంపల్లిలో తలసేమియా, సికిల్‌సెల్ సొసైటీ కనిపిస్తుంది. రోగులూ, వారి తల్లిదండ్రులూ, వైద్యులూ కలిసి 1998లోనే స్థాపించుకున్న సంస్థ అది. తలసేమియా తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, ఏళ్ల తరబడి. ప్రమాదంలో గాయపడినవాడి కోసం బంధువులు పరుగున వస్తారు. నెలనెలా ఎవరు వస్తారు? ఒకసారి ఇచ్చిన మగవారు మళ్లీ ఇవ్వాలంటే మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు ఆగాలి. ముందే పోగుచేసి పెట్టుకుందామా అంటే ఎర్రకణాలు నిలువ ఉండేది ఆరు వారాలే. కళాశాలలు మూసే వేసవిలో శిబిరాలు తగ్గుతాయి, రక్తనిధులకు కొరత వస్తుంది. బిడ్డ తేదీ మాత్రం వాయిదా పడదు.